ఎక్స్‌పోర్ట్ తర్వాత నలుపు ఎందుకు బూడిదబారుతుంది

ఎడిటింగ్ టైమ్‌లైన్‌లో కాటుకలా ఉన్న నలుపు, ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైల్‌ను ప్లేయర్‌లో తెరవగానే పొగ పట్టినట్టు కనిపిస్తుంది. ఎరుపు కాస్త నారింజ వైపు జరుగుతుంది, లేదా ముఖాలు పాలిపోతాయి. ఇలా జరిగినప్పుడు ఎక్కువమంది చేసే పని ఒకటే. టైమ్‌లైన్‌కి తిరిగి వెళ్లి కాంట్రాస్ట్ పెంచి, శాచురేషన్ కొంచెం తోసి, మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేస్తారు. ఆ ప్లేయర్‌లో ఇప్పుడు బాగుంటుంది. అదే ఫైల్‌ను టీవీలో పెడితే జుట్టూ కోటూ కలిసిపోయి ఒకే నల్లటి ముద్దగా కనిపిస్తాయి. రోగం ఒకటైతే మందు మరొకదానికి వేసినట్టే.

గ్రేడింగ్‌ను, అంటే రంగుల దిద్దుబాటును, ముట్టుకోకముందే తేల్చుకోవాల్సిన విషయం ఒకటుంది. వీడియో ఫైల్‌లో పిక్సెల్ అంకెలు ఉంటాయి. ఆ అంకెలను ఎలా చదవాలో చెప్పే ట్యాగ్‌లు ఉంటాయి. వాటిని చదివి తెరమీద చూపించే ప్లేయర్, డ్రైవర్, మానిటర్ ఫైల్‌కి బయట ఉంటాయి. తప్పు అంకెల్లో ఉందా, ట్యాగ్‌లో ఉందా, చూపించేచోట ఉందా? మూడింటికీ చికిత్స వేరు. అంకెలు తప్పైతే మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయాలి. ట్యాగ్ తప్పైతే రీఎన్‌కోడ్ లేకుండానే సరిచేయవచ్చు. చూపించేచోట తప్పుంటే ఫైల్‌ను వదిలేయడమే సరైన పని. ఈ మూడోదే చాలా తరచుగా ఎదురవుతుంది కూడా.

ఒక పరీక్ష చిత్రం

కంటితో చూసి 'వెలిసిపోయింది' అనడంతో ఏమీ తేలదు. అంకెలు కావాలి. అందుకు ఏదైనా ఇమేజ్ ఎడిటర్‌లో 1920×1080 సైజులో ఎస్‌ఆర్‌జీబీ (కంప్యూటర్ తెరల మామూలు రంగు ప్రమాణం) పీఎన్‌జీ బొమ్మ ఒకటి తయారుచేసుకోవాలి. అందులో బూడిద రంగు గడులు ఏడు: 0, 16, 64, 128, 192, 240, 255. వాటి కింద శుద్ధమైన ఎరుపు, ఆకుపచ్చ, నీలం గడులు మూడు. దీన్ని ఐదు సెకన్ల క్లిప్‌గా టైమ్‌లైన్‌లో పెట్టి, మామూలుగా వాడే ప్రీసెట్‌తోనే ఎక్స్‌పోర్ట్ చేయాలి. తర్వాత ప్లేయర్‌లో తెరిచి కలర్ పికర్‌తో ఒక్కో గడి విలువ చదవాలి. ఒకటి రెండు అంకెల తేడాను పట్టించుకోనక్కర్లేదు, అది కంప్రెషన్‌లో, పూర్ణాంకాలుగా సర్దడంలో వచ్చేదే. మ్యాక్‌లో స్క్రీన్‌షాట్ మానిటర్ ప్రొఫైల్ మీదుగా వస్తుంది కాబట్టి, డిజిటల్ కలర్ మీటర్‌ను ఎస్‌ఆర్‌జీబీలో చూపించేలా పెట్టుకుంటే అయోమయం తగ్గుతుంది.

ఏ గడులు కదిలాయో చూస్తే తప్పు పేరు దాదాపు తెలిసిపోతుంది. 0 కాస్తా 16 దగ్గరికి, 255 కాస్తా 235 దగ్గరికి వచ్చాయంటే అది రేంజ్ సమస్య. రెండు చివరలూ ఉన్నచోటే ఉండి మధ్యలోని 64, 128, 192 అన్నీ ఒకే దిశలో జరిగితే గామా, అంటే అంకెను తెర వెలుగుగా మార్చే వక్రరేఖ. బూడిద గడులన్నీ సరిగ్గా ఉండి రంగు గడులు మాత్రమే తప్పితే మ్యాట్రిక్స్ (రంగును వీడియో అంకెలుగా విడగొట్టే లెక్క) లేదా ప్రైమరీలు (ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంటే కచ్చితంగా ఏ ఛాయలో చెప్పేవి). ఈ మూడింటినీ కలిపి 'రంగు తేడా' అని ఒకే మాటతో పిలవడం వల్లే ఒకదానికి చెప్పిన చిట్కా ఇంకొకదానికి పనిచేయదు.

రేంజ్: 16 నుంచి 235

8 బిట్ వీడియోలో వెలుగు సమాచారం సాధారణంగా 16 నుంచి 235 వరకు ఉంటుంది, రంగు సమాచారం 16 నుంచి 240 వరకు. 10 బిట్‌లో వెలుగుకు ఆ హద్దులు 64, 940. దీన్ని లిమిటెడ్ రేంజ్ అంటారు. కొన్ని ప్రోగ్రామ్‌లు టీవీ రేంజ్ అనీ, వీడియో లెవెల్స్ అనీ, పార్షియల్ అనీ రాస్తాయి, అన్నీ ఒకటే. కంప్యూటర్ తెర మాత్రం 0 నుంచి 255 వరకు, అంటే ఫుల్ రేంజ్‌లో పనిచేస్తుంది. ప్లేయర్ పని 16ను 0కి, 235ను 255కి సాగదీయడం. ఆ సాగదీత జరగకపోతే నలుపు 16 దగ్గరే ఆగిపోతుంది. పరీక్ష చిత్రంలో 64 కాస్తా 71 అవుతుంది, 192 కాస్తా 181 అవుతుంది, 128 మాత్రం 126 దగ్గరే ఉంటుంది. మధ్య విలువలు పెద్దగా కదలవు. అందుకే బొమ్మ వెలుగు పెరిగినట్టు కాకుండా పల్చటి తెల్ల పరదా కప్పినట్టు అనిపిస్తుంది.

16కీ 0కీ తేడా చిన్నదే అనిపించవచ్చు. గామా 2.2 ఉన్న తెరమీద 16 అనే విలువ గరిష్ఠ వెలుగులో 0.23 శాతం ఇస్తుంది, 235 దాదాపు 83.5 శాతం. అంటే మానిటర్ ఎంత ఖరీదైనదైనా, ఓఎల్‌ఈడీ అయినా, ఆ వీడియోకి దక్కే కాంట్రాస్ట్ సుమారు 370:1 దాటదు. చీకటి గదిలో అది స్పష్టంగా తెలుస్తుంది.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. ఫుల్ రేంజ్‌లో ఉన్న అంకెలను ప్లేయర్ లిమిటెడ్ అనుకుని ఇంకా సాగదీస్తే 16 గడి 0లో కలిసిపోతుంది, 240 గడి 255లో కలిసిపోతుంది, 64 కాస్తా 56కి, 192 కాస్తా 205కి పోతాయి. ఇక్కడ 0, 255 గడులు కదలవు కాబట్టి వాటినే చూస్తే గామా సమస్య అని పొరపడే అవకాశం ఉంది. పరీక్ష చిత్రంలో 16, 240 గడులు పెట్టింది ఇందుకే. గామా తేడాలో అవి జరుగుతాయి గానీ పక్కగడిలో కలిసిపోవు.

ఇక అన్నిటికన్నా చెడ్డది రెండుసార్లు కుదించడం. సోర్స్ ఫైల్ అప్పటికే 16–235లో ఉంటుంది. ఎడిటర్ దాన్ని ఫుల్ అనుకుని ఎక్స్‌పోర్ట్‌లో మరోసారి కుదిస్తుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు. నలుపు 30 దగ్గర, తెలుపు 218 దగ్గర స్థిరపడతాయి. ప్లేయర్ తన వంతు సాగదీత సక్రమంగానే చేసినా ఒక కుదింపు మాత్రమే విప్పబడుతుంది, ఇంకొకటి అలాగే ఉండిపోతుంది. ట్యాగ్ మార్చినా ఇది పూర్తిగా తగ్గదు. పైగా ఒక్కో కుదింపులో కొన్ని మెట్లు పోతాయి కాబట్టి, తర్వాత లెవెల్స్‌తో సాగదీసినా ఆకాశంలో, గోడల నీడల్లో చారలు బయటపడతాయి.

పచ్చి అంకెలు చూడటం

ప్లేయర్ చూపించే విలువ ట్యాగ్‌ను చదివాక వచ్చే విలువ. ఫైల్‌లో నిజంగా ఏముందో తెలియాలంటే ట్యాగ్‌ను పట్టించుకోని సాధనం కావాలి. వీడియోలను మార్చే కమాండ్‌లైన్ సాధనం ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లోని సిగ్నల్‌స్టాట్స్ ఫిల్టర్ ఆ పని చేస్తుంది. ప్రతి ఫ్రేమ్‌లో వెలుగు ఛానెల్ కనిష్ఠం, సగటు, గరిష్ఠం చెబుతుంది. ఫైల్ వివరాలు చూపే మీడియాఇన్ఫోలో అదే ఫైల్‌ను తెరిస్తే కలర్ రేంజ్, ప్రైమరీలు, ట్రాన్స్‌ఫర్ (గామా వక్రరేఖ), మ్యాట్రిక్స్ అనే నాలుగు వరుసలు కనిపిస్తాయి. ఆ వరుసలు లేకపోతే ట్యాగ్ వేయలేదన్నమాట. వీడియోను కుదించే పద్ధతి అయిన హెచ్.264లో రేంజ్ గుర్తు లేకుంటే లిమిటెడ్ అనుకోవాలన్నది ప్రమాణంలోనే ఉంది.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. పరీక్ష చిత్రంలో కనిష్ఠం 16 వచ్చి, ట్యాగ్ లిమిటెడ్ అని ఉంటే ఫైల్‌లో తప్పేమీ లేదు. తెరమీద నలుపు బూడిదగా ఉంటే నేరం ప్లేయర్‌దో డ్రైవర్‌దో. కనిష్ఠం 16, ట్యాగ్ ఫుల్ అయితే నలుపు తేలిపోయి కనిపించడం ఖాయం, ట్యాగ్ మారిస్తే చాలు. కనిష్ఠం 0, గరిష్ఠం 255, ట్యాగ్ లిమిటెడ్ లేదా ఖాళీ అయితే నీడలు నలిగిపోతాయి. దీనికీ ట్యాగ్ దిద్దితే సరిపోతుంది గానీ, ఫుల్ రేంజ్ గుర్తును పట్టించుకోని ప్లేయర్లూ టీవీలూ ఉన్నాయి కాబట్టి లిమిటెడ్‌లో మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయడమే మేలు. కనిష్ఠం 30 వస్తే రెండుసార్లు కుదించినట్టే, టైమ్‌లైన్‌కి వెళ్లక తప్పదు. 10 బిట్ ఫైల్ అయితే ఈ అంకెలను నాలుగు రెట్లు చేసి చదువుకోవాలి.

ఎడిటర్‌లోనే చేసే మరో పరీక్ష ప్రచారంలో ఉంది. ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైల్‌ను తిరిగి తెచ్చి అసలు టైమ్‌లైన్ పైన పెట్టి బ్లెండ్ మోడ్‌ను డిఫరెన్స్‌కి మార్చడం. అంతా నల్లగా వస్తే రెండూ ఒకటే. ఎక్స్‌పోజర్ పెంచి చూస్తే దాగిన తేడా కూడా బయటపడుతుంది. మంచి పరీక్షే, కానీ దీనికి ఒక గుడ్డి మూల ఉంది. ఎడిటర్ రాసేటప్పుడు చేసిన తప్పునే చదివేటప్పుడూ చేస్తే రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేసి తెర నల్లగానే కనిపిస్తుంది. కాబట్టి సిగ్నల్‌స్టాట్స్ అంకెలు లేకుండా దీన్నొక్కదాన్నే నమ్మకూడదు.

రేంజ్ తప్పు ఎక్కడ మొదలవుతుందో ముందే ఊహించవచ్చు. ఫుల్ రేంజ్‌లో రికార్డ్ చేసే ఫోన్లు, కెమెరాలు చాలా ఉన్నాయి. స్క్రీన్ రికార్డింగ్ ప్రోగ్రామ్ ఓబీఎస్‌లో అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో కలర్ రేంజ్‌ను ఫుల్‌కి మార్చి 'నాణ్యత పెరుగుతుంది' అనుకునేవారు ఎక్కువ. ఆ రికార్డింగ్‌ను తర్వాత ఎడిటర్ ఎలా చదువుతుందన్నదే ప్రశ్న. ఓబీఎస్‌లో లిమిటెడ్ రేంజ్, 709 (హెచ్‌డీ రంగు ప్రమాణం) ఉంచడమే క్షేమం. డావిన్చి రిజాల్వ్ అనే ఎడిటర్‌లో ఒక్కో క్లిప్‌కి క్లిప్ అట్రిబ్యూట్స్‌లో డేటా లెవెల్స్ అని ఉంటుంది: ఆటో, వీడియో, ఫుల్. ఎక్స్‌పోర్ట్ చేసే డెలివర్ పేజీలోని అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లోనూ అదే ఉంటుంది. సోర్స్ తప్పైతే క్లిప్ దగ్గర మార్చాలి, డెలివర్ దగ్గర కాదు. డెలివర్‌లో ఫుల్ పెట్టి సరిచేస్తే ఆ టైమ్‌లైన్‌లోని మిగతా క్లిప్‌లన్నీ చెడతాయి. ఎడిటింగ్‌కి వాడే డీఎన్‌ఎక్స్ కోడెక్‌లలో ఆర్‌జీబీ లెవెల్స్, 709 లెవెల్స్ అని రెండు రకాలుంటాయి. ఒక ప్రోగ్రామ్‌లో ఒకటి ఎంచి ఇంకో ప్రోగ్రామ్‌లో రెండోదిగా తెరిస్తే ఇదే కథ.

మ్యాట్రిక్స్: తెలుపూ నలుపూ బాగుండి ఎరుపు తప్పినప్పుడు

ఆర్‌జీబీ రంగును వీడియోలో వెలుగుగా, రెండు రంగు తేడాలుగా విడగొట్టి దాస్తారు. విడగొట్టే లెక్కకు రెండు పట్టికలు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. పాత స్టాండర్డ్ డెఫినిషన్‌కి బీటీ.601, హెచ్‌డీకి బీటీ.709. వెలుగు లెక్కలో 601 ఎరుపుకు 0.299, ఆకుపచ్చకు 0.587, నీలానికి 0.114 వాటా ఇస్తుంది. 709లో అవి 0.2126, 0.7152, 0.0722. బూడిద రంగులో మూడూ సమానం కాబట్టి ఏ పట్టికతో విప్పినా అదే విలువ వస్తుంది. అందుకే ఈ తప్పు స్కోప్‌లో (సిగ్నల్ గ్రాఫ్‌లో) నలుపు తెలుపుల దగ్గర జాడే ఇవ్వదు. బట్టల రంగు దగ్గర, లోగో దగ్గర పట్టుబడుతుంది.

601తో కట్టి 709తో విప్పితే శుద్ధమైన ఎరుపులోకి ఆకుపచ్చ 25 వరకు చొరబడుతుంది, అంటే నారింజ వైపు జరుగుతుంది. శుద్ధమైన ఆకుపచ్చ 255 నుంచి 215కి పడిపోతుంది. తిరగేసి, 709తో కట్టి 601తో విప్పితే ఎరుపు 233కి తగ్గి ముదురుగా మారుతుంది, ఆకుపచ్చలోకి ఎరుపు 20 వరకు కలిసి పసుపు ఛాయ వస్తుంది. పరీక్ష చిత్రంలో ఈ అంకెలకు దగ్గరగా వస్తే ఇక వేరే అనుమానం అక్కర్లేదు.

ట్యాగ్ లేని ఫైల్ దొరికితే చాలా ప్లేయర్లు ఎత్తు చూసి ఊహిస్తాయి. 576 గీతల వరకు 601, అంతకు మించితే 709. ఈ ఊహే కొంప ముంచే సందర్భం ఒకటుంది. యానిమేషన్ లేదా త్రీడీ రెండర్ నుంచి వచ్చిన పీఎన్‌జీ ఫ్రేమ్‌లను ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌తో హెచ్.264గా మార్చడం. ఏమీ చెప్పకపోతే దాని స్కేలర్ ఆర్‌జీబీని 601తోనే మారుస్తూ వచ్చింది, చిత్రం 1080 ఎత్తున్నా సరే. ఫైల్‌కి ట్యాగ్ ఉండదు. ప్లేయర్ ఎత్తు చూసి 709 అనుకుంటుంది. ఎరుపు నారింజవుతుంది. దీనికి మందు స్కేల్ ఫిల్టర్‌లో అవుట్‌పుట్ మ్యాట్రిక్స్‌ను బీటీ709గా, అవుట్‌పుట్ రేంజ్‌ను టీవీగా స్పష్టంగా చెప్పడం. దానితోపాటు కలర్‌స్పేస్, ప్రైమరీలు, ట్రాన్స్‌ఫర్, రేంజ్ అనే నాలుగు అవుట్‌పుట్ ఆప్షన్లకూ విలువలు ఇవ్వడం. మొదటిది అంకెలను మారుస్తుంది, రెండోది ట్యాగ్ కోసం. ట్యాగ్ ఆప్షన్లు మాత్రమే రాసి అంకెలు కూడా మారాయనుకోవడం ఇక్కడ తరచూ జరిగే పొరపాటు. ఈ ప్రవర్తన వెర్షన్‌ను బట్టి మారుతుంది కాబట్టి రెండూ రాయడమే శ్రేయస్కరం.

మ్యాట్రిక్స్‌తో కలగాపులగమయ్యేది ప్రైమరీల తేడా. దీనిలోనూ బూడిద కదలదు. తేడా ఏమిటంటే ఇది అన్ని రంగులనూ ఒకే తీరుగా పెంచుతుంది లేదా తగ్గిస్తుంది. కలర్ మేనేజ్‌మెంట్ లేని ప్లేయర్‌లో 709 వీడియోను పీ3 మానిటర్ (709 కన్నా విశాలమైన రంగులు చూపేది) మీద చూస్తే ముఖాలు ఎర్రబడి, గడ్డి మెరిసిపోతుంది. ఇది ఫైల్ తప్పు కాదు. ఇంకా విశాలమైన రంగుల ప్రమాణం బీటీ.2020లో ఉన్న అంకెలను 709గా చదివితే తద్విరుద్ధంగా రంగులన్నీ నీరసిస్తాయి.

గామా: మ్యాక్ మీద తెల్లబడే వీడియో

ఎక్కువ వాదనలు నడిచేది ఈ విషయంపైనే. నిజానికి ఇందులో ఎవరిదీ పూర్తి తప్పు కాదు.

709 ప్రమాణం కెమెరా వైపు వక్రరేఖను మాత్రమే నిర్ణయించింది. తెర వైపు ఎలా ఉండాలో చెప్పే బీటీ.1886 వచ్చింది 2011లో. అది చీకటి గదిలోని రిఫరెన్స్ మానిటర్‌కి దాదాపు 2.4 గామా చెబుతుంది. మామూలు కంప్యూటర్ తెరలు 2.2 దగ్గర ఉంటాయి. క్విక్‌టైమ్ ప్లేయర్, సఫారీ వంటివి మ్యాక్ రంగుల వ్యవస్థ కలర్‌సింక్ ద్వారా 709 ట్యాగ్‌ను సుమారు 1.96 గామాగా చదువుతాయి. కాబట్టి గ్రేడింగ్‌ను 2.4 తెరమీద చేసి, క్విక్‌టైమ్‌లో చూస్తే 10 శాతం సిగ్నల్ ఉన్న నీడ దాదాపు 2.75 రెట్లు వెలుగుగా, 50 శాతం సిగ్నల్ సుమారు 36 శాతం ఎక్కువ వెలుగుగా వస్తాయి. 2.2 తెరతో పోల్చితే పరీక్ష చిత్రంలో 64 గడి 74 దగ్గర, 128 గడి 138 దగ్గర, 192 గడి 198 దగ్గర కనిపిస్తాయి. 0 మాత్రం 0గానే ఉంటుంది. అంటే నలుపు తేలిందని కంటికి అనిపించినా, తేలింది నలుపు కాదు, నలుపు పక్కనున్న నీడలు. రేంజ్ మార్చి దీన్ని సరిచేయబోతే అసలు నలుపు నలిగిపోతుంది.

ఫైల్ మీద ఉండే ట్యాగ్‌ను మూడు అంకెలతో చెప్పుకోవడం అలవాటు: ప్రైమరీలు, ట్రాన్స్‌ఫర్, మ్యాట్రిక్స్. 1-1-1 అంటే మూడూ 709. రిజాల్వ్‌లో గామా ట్యాగ్‌ను 709-ఏ అని పెడితే 1-1-1 వస్తుంది, కలర్ మేనేజ్‌మెంట్ ఉన్న మ్యాక్ వ్యూయర్‌కీ క్విక్‌టైమ్‌కీ పొంతన కుదురుతుంది. గామా 2.4 అని పెడితే ట్రాన్స్‌ఫర్ అంకె 2, అంటే 'చెప్పలేదు' అవుతుంది, మూవ్ కంటైనర్‌లో (వీడియోను చుట్టి ఉంచే ఫైల్‌లో) 2.4 అని విడిగా రాయబడుతుంది. క్విక్‌టైమ్ దాన్ని గౌరవిస్తుంది. చాలా వెబ్‌సైట్లు, ఇతర ప్లేయర్లు పట్టించుకోవు. ప్రీమియర్‌లో వ్యూయర్ గామా అనే సెట్టింగ్ ఉంది: క్విక్‌టైమ్‌కి 1.96, వెబ్‌కి 2.2, ప్రసారానికి 2.4. అది ఎడిటర్ కిటికీలో కనిపించేదాన్నే మారుస్తుంది, ఫైల్‌ను కాదు. ఎక్స్‌పోర్ట్ ఎక్కడ చూడబడుతుందో దానికి తగ్గట్టు ముందే పెట్టుకుని గ్రేడ్ చేస్తే ఆఖరున ఆశ్చర్యపోవాల్సిన అవసరం ఉండదు.

గామా కాంపెన్సేషన్ ఎల్‌యూటీ (రంగు విలువలను మార్చే పట్టిక) అని ఒకటి చేతులు మారుతూ ఉంటుంది. ఎక్స్‌పోర్ట్‌లో దాన్ని తగిలిస్తే క్విక్‌టైమ్‌లో ఎడిటర్‌లో ఉన్నట్టే వస్తుంది. కానీ అది అంకెలనే నల్లగా మారుస్తుంది. అదే ఫైల్‌ను విండోస్‌లో, టీవీలో, ఆండ్రాయిడ్ ఫోన్‌లో చూసేవారికి నీడలు మరీ చిక్కబడతాయి. మ్యాక్ మీద మాత్రమే చూసే ఒక క్లయింట్‌కి సమీక్ష కాపీ పంపడానికి ఎల్‌యూటీ సరే. అందరికీ వెళ్లే మాస్టర్‌లో దానికి చోటు ఉండకూడదు.

విండోస్‌లో దీనికి తోబుట్టువు లాంటి సమస్య ఇంకొకటుంది. డిస్‌ప్లే సెట్టింగుల్లో హెచ్‌డీఆర్ (మరింత విస్తృతమైన వెలుగు చూపే విధానం) ఆన్ చేసి ఉంటే మామూలు వీడియో నీడలు తేలికగా తెల్లబడతాయి. మానిటర్లు శుద్ధమైన 2.2 వక్రరేఖను అనుసరిస్తుంటే, హెచ్‌డీఆర్ మోడ్‌లో విండోస్ ఎస్‌ఆర్‌జీబీ తాలూకు ముక్కలుగా ఉండే వక్రరేఖను వాడటం దీనికి కారణం. గ్రేడింగ్ చేసేటప్పుడు హెచ్‌డీఆర్ ఆఫ్ చేసుకోవడం మంచిది.

లాగ్, హెచ్‌డీఆర్, వ్యూ ట్రాన్స్‌ఫార్మ్

మొత్తం చిత్రం నీళ్లు కలిపిన పాలలా, రంగే లేనట్టు ఉంటే పై మూడింటిలో ఏదీ కాకపోవచ్చు. ఎక్కువ వెలుగు పరిధిని ఒదిగించేందుకు కెమెరాలు చప్పగా రికార్డ్ చేసే లాగ్ వీడియో అయ్యుండవచ్చు. ఉదాహరణకు సోనీ ఎస్-లాగ్3లో నలుపు 10 బిట్ అంకెల్లో 95 దగ్గర, 18 శాతం బూడిద 420 దగ్గర, 90 శాతం తెలుపు 598 దగ్గర ఉంటాయి. అంటే నీడ నుంచి తెల్ల కాగితం వరకు ఉన్నదంతా 940లో సగం పైచిలుకులోనే సర్దుకుంది. దీన్ని 709కి మార్చే దశ ఒకటి తప్పక ఉండాలి. టైమ్‌లైన్‌లో ఆ ఎల్‌యూటీని వ్యూయర్ మీద మాత్రమే వేసి క్లిప్ మీద వేయకపోతే, ఎడిటింగ్‌లో బాగుండి ఎక్స్‌పోర్ట్‌లో చప్పబడుతుంది. ఎక్స్‌పోర్ట్ వెలిసిపోవడానికి అత్యంత సాదా కారణం ఇదే కావచ్చు, దీన్ని మొదట చూడకపోతే కొండను తవ్వి ఎలుకను పట్టినట్టవుతుంది.

ఐఫోన్ హెచ్‌డీఆర్ వీడియో హెచ్‌ఎల్‌జీ అనే హెచ్‌డీఆర్ వక్రరేఖలో ఉంటుంది. ఎస్‌డీఆర్ (హెచ్‌డీఆర్ కాని మామూలు వీడియో) టైమ్‌లైన్‌లో టోన్ మ్యాపింగ్ (హెచ్‌డీఆర్ వెలుగును మామూలు హద్దుల్లోకి కుదించడం) లేకుండా వేస్తే ముఖాలు కాలిపోయినట్టో, రంగులు చప్పగానో వస్తాయి. మీడియాఇన్ఫోలో ట్రాన్స్‌ఫర్ హెచ్‌ఎల్‌జీ అనో పీక్యూ (మరో హెచ్‌డీఆర్ వక్రరేఖ) అనో, ప్రైమరీలు బీటీ.2020 అనో కనిపిస్తే, ఎడిటర్‌లో ఆ క్లిప్‌కి ఆటో టోన్ మ్యాపింగ్ ఆన్ చేయాలి లేదా కలర్ స్పేస్‌ను చేత్తో ఇవ్వాలి. ఆ తర్వాత ఎక్స్‌పోర్ట్ ట్యాగ్ 709 అయిందో లేదో మళ్లీ చూసుకోవాలి. అంకెలు ఎస్‌డీఆర్‌వై ఉండి ట్యాగ్ మాత్రం 2020గా మిగిలిపోవడం అరుదేమీ కాదు.

త్రీడీ ప్రోగ్రామ్ బ్లెండర్‌లో ఎడిట్ చేసేవారిది ప్రత్యేకమైన చిక్కు. 2.80 నుంచి ఫిల్మిక్, 4.0 నుంచి ఏజీఎక్స్ అనే వ్యూ ట్రాన్స్‌ఫార్మ్‌లు (రెండర్ విలువలను తెరకు తగ్గట్టు మార్చేవి) మామూలు కొత్త ఫైల్‌లో డిఫాల్ట్‌గా వచ్చాయి. త్రీడీ రెండర్‌కి అవి చక్కగా ఉంటాయి. అప్పటికే పూర్తయిన వీడియోను సీక్వెన్సర్‌లో పెట్టి అదే సెట్టింగ్‌తో రెండర్ చేస్తే తెలుపు మసకబారి రంగులు దిగిపోతాయి. కలర్ మేనేజ్‌మెంట్‌లో వ్యూ ట్రాన్స్‌ఫార్మ్‌ను స్టాండర్డ్‌కి మార్చడం ఒక్కటే చేయాల్సిన పని.

ఫైల్ బాగుండి తెర చెడినప్పుడు

డెస్క్‌టాప్, బ్రౌజర్, వీడియో అన్నీ పొగబారి ఉంటే వీడియోను అనుమానించనక్కర్లేదు. హెచ్‌డీఎంఐ మీద గ్రాఫిక్స్ కార్డ్ లిమిటెడ్ పంపుతూ మానిటర్ ఫుల్ ఆశిస్తోంది. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో రిజల్యూషన్ పేజీలోని అవుట్‌పుట్ డైనమిక్ రేంజ్‌ను ఫుల్‌కి మార్చాలి, లేదా టీవీ మెనూలో హెచ్‌డీఎంఐ బ్లాక్ లెవెల్ అని ఉన్నదాన్ని సర్దాలి. రెండు వైపులా ఒకే రేంజ్ ఉండటం ముఖ్యం, అది ఏది అన్నది కాదు. ఒకవైపు మార్చి చూసి, తేలకపోతే దాన్ని వెనక్కి పెట్టాకే రెండోవైపు మార్చాలి.

డెస్క్‌టాప్ బాగుండి వీడియో మాత్రమే తేలిపోతే అదే కంట్రోల్ ప్యానెల్‌లో వీడియో కలర్ సెట్టింగ్స్ అనే వేరే పేజీ ఉంది. అక్కడ అడ్వాన్స్‌డ్‌లో డైనమిక్ రేంజ్ 16–235గా ఉంటే 0–255కి మార్చాలి. ఇది హార్డ్‌వేర్ డీకోడింగ్ వాడే ప్లేయర్లను ప్రభావితం చేస్తుంది. వీఎల్‌సీలో హార్డ్‌వేర్ డీకోడింగ్‌ను ఆపి చూస్తే నలుపు వెంటనే సర్దుకుందంటే తప్పు డ్రైవర్ దారిలో ఉంది. పోలికకు ఎంపీవీ ప్లేయర్ నమ్మదగింది, ట్యాగ్‌లను శ్రద్ధగా చదువుతుంది. ఒకే ఫైల్‌ను ఎంపీవీ, క్రోమ్, ఒక ఫోన్, ఈ మూడింటిలో చూడటం ఎన్నో గంటల చర్చను తప్పిస్తుంది.

ట్యాగ్‌ను మాత్రమే దిద్దడం

అంకెలు సరిగ్గా ఉండి ట్యాగ్ తప్పైనప్పుడు రీఎన్‌కోడ్ చేయడం అనవసరంగా నాణ్యత పోగొట్టుకోవడమే. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో హెచ్.264కీ హెచ్‌ఈవీసీకీ విడివిడిగా మెటాడేటా బిట్‌స్ట్రీమ్ ఫిల్టర్లు ఉన్నాయి. వీడియో కోడెక్‌ను కాపీగా పెట్టి, ఆ ఫిల్టర్‌కి ప్రైమరీలు 1, ట్రాన్స్‌ఫర్ 1, మ్యాట్రిక్స్ 1, ఫుల్ రేంజ్ గుర్తు 0 అని ఇస్తే చాలు, పెద్ద ఫైల్ కూడా క్షణాల్లో అయిపోతుంది. ఫుల్ రేంజ్ ఫైల్ అయితే చివరి అంకె 1.

ఇక్కడొక మెలిక. ఎంపీ4, మూవ్ ఫైళ్లలో ట్యాగ్ రెండుచోట్ల ఉండవచ్చు, లోపలి వీడియో స్ట్రీమ్‌లో ఒకటి, బయటి కంటైనర్‌లో ఒకటి. రెండూ వేరుగా ఉంటే ఒక ప్లేయర్ లోపలిదాన్ని, ఇంకొకటి బయటిదాన్ని నమ్ముతాయి. క్విక్‌టైమ్ కంటైనర్ వైపు మొగ్గుతుంది. 'దిద్దాక కూడా మ్యాక్‌లో మారలేదు' అన్న ఫిర్యాదుకు మూలం చాలాసార్లు ఇదే. దిద్దిన ఫైల్‌ను మీడియాఇన్ఫోలో మళ్లీ తెరిచి రెండుచోట్లా ఒకటే ఉందని చూసుకోవాలి.

అప్‌లోడ్ చేసే వీడియోకి ఇది మరీ ముఖ్యం. యూట్యూబ్ ప్రతి ఫైల్‌నూ మళ్లీ ఎన్‌కోడ్ చేస్తుంది, ఎస్‌డీఆర్‌కి బీటీ.709 కోరుతుంది. లిమిటెడ్ రేంజ్, 1-1-1, 8 లేదా 10 బిట్, 4:2:0 (రంగు సమాచారాన్ని తగ్గించి దాచే పద్ధతి)తో పంపితే మధ్యలో ఊహకు తావుండదు. హెచ్‌డీఆర్ అప్‌లోడ్ చేసినప్పుడు మాత్రం ఎస్‌డీఆర్ రూపం ముందు సిద్ధమై, హెచ్‌డీఆర్ తర్వాత వస్తుంది. అప్‌లోడ్ పూర్తయిన నిమిషంలో చూసి రంగులు పోయాయని గ్రేడింగ్ విప్పడం తొందరపాటు.

అన్నీ సరిచూశాక కూడా ఎర్రటి అక్షరాల అంచులు మసకగా, చీకటి గోడ మీద గళ్లుగళ్లుగా కనిపిస్తే అది ఈ కోవకు చెందదు. 4:2:0లో రంగు సమాచారం నిలువునా అడ్డంగా సగానికి తగ్గుతుంది కాబట్టి సన్నటి ఎర్ర గీతలు అలాగే వస్తాయి. చీకటిలో గళ్లు బిట్‌రేట్ చాలకపోవడం వల్ల. బిట్‌రేట్ పెంచడం, 10 బిట్‌కి వెళ్లడం, నీడల్లో సన్నటి గ్రెయిన్ కలపడం వాటికి పనికొస్తాయి. రేంజ్, మ్యాట్రిక్స్ సెట్టింగ్‌లతో వాటికి సంబంధం లేదు.